తెరిచిన ఫైళ్లు కొన్నే, కెర్నల్ మాత్రం ‘మరీ ఎక్కువ’ అంటోంది. ఏ పట్టిక చూడాలి?

తొలి_అడుగు
మూడు రోజులుగా ఒక లైనక్స్ సర్వర్ నాకు కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. దానిలో ముప్పైకి పైగా కంటైనర్లు (ఒకే యంత్రంలో విడివిడి గదుల్లా నడిచే ప్రోగ్రాంలు) నడుస్తున్నాయి. వాటిలో ఒకటి లాగ్‌లను పోగుచేసి వేరే చోటికి పంపే ప్రోగ్రాం. అది మొదలైన రెండో సెకనులోనే ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని రాసి ఆగిపోతోంది. ఒక ప్రాసెస్ ఎన్ని ఫైళ్లు తెరవవచ్చో చెప్పే యూలిమిట్ చూస్తే 65,536 ఉంది. తెరిచిన ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్ నడిపి వరుసలు లెక్కపెడితే 1,84,000 దాటాయి. యంత్రం మొత్తానికి ఉన్న పరిమితి ఫైల్-మ్యాక్స్ పెంచాలా? రీబూట్ చేస్తే ఒక రోజు బాగానే ఉంటుంది, మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది. సర్వీసులు పునఃప్రారంభించినప్పుడు, టెయిల్ ఆదేశంతో లాగ్ చూస్తున్నప్పుడు కూడా ఏదో హెచ్చరిక కనిపిస్తోంది. అది దీనికి సంబంధించినదో కాదో తెలియదు.

రాత్రి_షిఫ్టు
ఫైల్-మ్యాక్స్‌ను పది లక్షలు చేయండి, యూలిమిట్‌ను రెట్టింపు చేయండి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టండి. నాకు రెండేళ్ల కిందట సరిగ్గా ఇదే సందేశం వచ్చింది, అలాగే పోయింది.

పట్టిక_పరిశీలన
పెంచకండి. ముందు చూడండి. ఏ పట్టిక నిండిందో తెలియకుండా ఏ పరిమితి పెంచినా చీకట్లో బాణం వేసినట్టే.

మొదట ఆ 1,84,000 సంగతి. ఎల్‌ఎస్‌ఓఎఫ్ వరుసల సంఖ్య తెరిచిన ఫైళ్ల సంఖ్య కాదు. ఎఫ్‌డి అనే నిలువు వరుసను ఒకసారి గమనించండి. అక్కడ సీడబ్ల్యుడి అని ఉంటే అది ప్రాసెస్ ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ. టీఎక్స్‌టీ అంటే నడుస్తున్న ప్రోగ్రాం ఫైలు. మెమ్ అంటే మెమరీలోకి మ్యాప్ చేసుకున్న లైబ్రరీ. వీటికి డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు ప్రాసెస్ వాడే నంబరు, ఎఫ్‌డి అంటే ఇదే) ఉండదు, కాబట్టి పరిమితి లెక్కలోకి రావు. పైగా కొన్ని వెర్షన్లు ఒక్కో త్రెడ్‌కూ అదే జాబితాను మళ్లీ మళ్లీ ముద్రిస్తాయి. ఎఫ్‌డి స్థానంలో అంకె ఉన్న వరుసలే అసలైనవి.

ఈ మూడూ ఇక్కడ పెట్టండి:
ప్రోక్ (కెర్నల్ తన లెక్కలను ఫైళ్ల రూపంలో చూపే డైరెక్టరీ) కింద సిస్ లోని ఎఫ్ఎస్‌లో ఫైల్-ఎన్‌ఆర్ అనే ఫైలులో ఉన్న మూడు సంఖ్యలు. ఆగిపోతున్న ప్రాసెస్ లిమిట్స్ ఫైలులో ‘మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్’ వరుస. దాని ఎఫ్‌డి డైరెక్టరీలో ఎన్ని లింకులున్నాయో ఆ లెక్క.

సున్నా_నుంచి
యూలిమిట్ 65,536 అని ఆయన చెప్పారు కదా, మళ్లీ లిమిట్స్ ఫైలు ఎందుకు?

పట్టిక_పరిశీలన
@సున్నా_నుంచి, యూలిమిట్ చెప్పేది మీరు కూర్చున్న షెల్ పరిమితి. సర్వీసును మొదలుపెట్టింది మీ షెల్ కాదు, సర్వీసులను నడిపే సిస్టమ్‌డి లేదా కంటైనర్ నడిపే ప్రోగ్రాం. పరిమితి తల్లి ప్రాసెస్ నుంచి పిల్ల ప్రాసెస్‌కు వస్తుంది. ఇంటి యజమాని మారితే నియమాలూ మారతాయి. నడుస్తున్న ప్రాసెస్‌కు నిజంగా ఏది వర్తిస్తోందో చెప్పేది దాని లిమిట్స్ ఫైలు.

పైపు_గొట్టం
దీని మీద నేను ఒక వారం పోగొట్టుకున్నాను. షెల్‌లో లక్ష, సర్వీసులో 1,024. సిస్టమ్‌డి చదివే ఆ సర్వీసు యూనిట్ ఫైలులో లిమిట్-నోఫైల్ రాశాక గాని దారికి రాలేదు.

స్మృతి_64
ఈ 1,024 ఎందుకు ఇంకా మారలేదో తెలుసా? పాత సెలెక్ట్ కాల్ 1,023కు మించిన నంబరున్న డిస్క్రిప్టర్‌ను పట్టుకోలేదు. అందుకే సిస్టమ్‌డి 240వ వెర్షన్‌లో గట్టి పరిమితిని (దాటరాని పైకప్పు) 5,24,288కి పెంచి, మెత్తని పరిమితిని (ప్రస్తుతం అమల్లో ఉండేది) మాత్రం 1,024 దగ్గరే ఉంచారు. ఎక్కువ కావలసిన ప్రోగ్రాం తానే అడిగి పెంచుకోవాలి.

తొలి_అడుగు
అడిగినవి ఇవిగో.
ఫైల్-ఎన్‌ఆర్: 11,872, తర్వాత 0, తర్వాత 9223372036854775807.
లిమిట్స్: మెత్తనిది 65,536, గట్టిది 65,536.
ఎఫ్‌డి డైరెక్టరీ: ప్రాసెస్ చచ్చేలోపు చూడడం కష్టమైంది. పట్టుకున్నప్పుడు 214 ఉన్నాయి.
ఆ మూడో సంఖ్య పొరపాటున పడిందా? అంత పెద్దదేమిటి?

స్మృతి_64
పొరపాటు కాదు. అది రెండు యొక్క 63వ ఘాతం నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది, ధన, రుణ గుర్తు ఉండే 64 బిట్ల సంఖ్యలో పట్టే గరిష్ఠం. పైన చెప్పిన 240వ వెర్షన్ నుంచే సిస్టమ్‌డి ఫైల్-మ్యాక్స్‌ను ఇంతకు పెంచి వదిలేస్తోంది. మొదటి సంఖ్య కేటాయించినవి. రెండోది కేటాయించి వాడకుండా ఉన్నవి, 2.6 కెర్నల్ నుంచి ఎప్పుడూ సున్నాయే.

@రాత్రి_షిఫ్టు, మీరు చెప్పినట్టు ఫైల్-మ్యాక్స్‌ను పది లక్షలు చేస్తే అది పెంచడం కాదు, తగ్గించడం అవుతుంది.

రాత్రి_షిఫ్టు
నా సర్వర్‌లో అప్పుడు 2 లక్షల లోపే ఉండేది. ఇక్కడ అది కాదని ఒప్పుకుంటున్నాను. కానీ 65,536 పరిమితి, 214 వాడకం, అయినా అదే సందేశం అంటే లెక్క ఎలా కుదురుతుంది?

పాత_యూనిక్స్
ఆ సందేశంలో చివరి మాట ముఖ్యం. ‘ఇన్ సిస్టమ్’ అని ముగిస్తే అది 23వ నంబరు తప్పు, ఈఎన్‌ఫైల్, మొత్తం యంత్రానికి ఉన్న ఫైలు పట్టిక నిండినట్టు. ఆ మాట లేకపోతే 24వ నంబరు, ఈఎంఫైల్, సాధారణంగా ఒక ప్రాసెస్ పట్టిక నిండినట్టు. పాత యూనిక్స్‌లో 23వ నంబరు సందేశం ‘ఫైల్ టేబుల్ ఓవర్‌ఫ్లో’ అని ఉండేది. ఏ పట్టికో పేరు పెట్టి మరీ చెప్పేది. ఆ స్పష్టత నాకు ఇప్పటికీ ఇష్టం.

బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం రోజుల్లో పీస్టాట్ అనే పనిముట్టు ఉండేది. ఐనోడ్ పట్టిక, ఫైలు పట్టిక, ప్రాసెస్ పట్టిక, స్వాప్, దేన్ని అడిగితే దాన్ని వరుసగా ముద్రించేది. అది పని చేసే తీరు చూడముచ్చటగా ఉండేది. కెర్నల్ బైనరీ ఫైలు తెరిచి, అందులోని చిహ్నాల జాబితాలో ఆ పట్టిక పేరు వెతికి, చిరునామా పట్టుకుని, డెవ్ లోని కేమెమ్ ద్వారా కెర్నల్ మెమరీలో నేరుగా ఆ చిరునామాకు వెళ్లి చదివేది. కెర్నల్ మార్చి పాత బైనరీని అక్కడే వదిలేస్తే చిరునామాలు తప్పి, తెర నిండా చెత్త వచ్చేది. పట్టికల పరిమాణం కెర్నల్ కట్టేటప్పుడే నిర్ణయమైపోయేది. 4.3బీఎస్‌డీలో ప్రాసెస్ పట్టిక గదులు 20, దానికి మ్యాక్స్‌యూజర్స్ అనే సెట్టింగుకు ఎనిమిది రెట్లు కలిపితే వచ్చేన్ని. మ్యాక్స్‌యూజర్స్ 32 అయితే 276 ప్రాసెస్‌లు, అంతే. పెంచాలంటే కెర్నల్ మళ్లీ కట్టి యంత్రం మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే పెంచే ముందు ప్రతి ఒక్కరూ పీస్టాట్ చూసేవారు. చూడక తప్పేది కాదు.

సున్నా_నుంచి
కెర్నల్ మెమరీని ఎవరైనా అలా చదివేయగలిగేవారా?

పాత_యూనిక్స్
అందరూ కాదు. కేమెమ్ అనే గుంపు హక్కుతో నడిచే ప్రోగ్రాంలే. లైనక్స్‌లో ఆ కేమెమ్‌ను 5.13లో పూర్తిగా తీసేశారు.

నీలి_దారం
ఐనోడ్ పట్టిక, ఫైలు పట్టిక, డిస్క్రిప్టర్ పట్టిక... ఈ మూడింటికీ తేడా ఎవరైనా ఒక్కసారి విడమరిచి చెబుతారా? పుస్తకంలో బొమ్మ చూశాను గాని మనసుకెక్కలేదు.

పట్టిక_పరిశీలన
డిస్క్రిప్టర్ పట్టిక ప్రతి ప్రాసెస్‌కూ సొంతం. అందులో 0, 1, 2, 3 అని గదులు. ఒక్కో గది ఒక ‘తెరిచిన ఫైలు’ నమోదును చూపిస్తుంది. ఆ నమోదు కెర్నల్ అంతటికీ ఉమ్మడి. ఎక్కడి దాకా చదివామన్న స్థానం, ఏ పద్ధతిలో తెరిచామన్న గుర్తులు, ఎందరు పట్టుకున్నారన్న లెక్క దానిలో ఉంటాయి. అది మళ్లీ ఐనోడ్‌ను చూపిస్తుంది, అంటే అసలు ఫైలును.

చేసి చూస్తేనే మనసుకెక్కుతుంది. ఒక ప్రోగ్రాం ఫైలు తెరిచి ఫోర్క్ చేసిందనుకోండి, అంటే తన నకలుగా ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించిందనుకోండి. తల్లి, పిల్ల ఇద్దరి దగ్గరా 3వ గది ఉంటుంది, కానీ నమోదు ఒక్కటే. పిల్ల 100 బైట్లు చదివితే ప్రోక్‌లో తల్లి ఎఫ్‌డి-ఇన్ఫోలో పాస్ (స్థానం) అన్న వరుస కూడా 100 చూపిస్తుంది. అదే ఫైలును ఇద్దరూ విడివిడిగా తెరిస్తే నమోదులు రెండు, స్థానాలు రెండు, ఐనోడ్ ఒకటి. రెండు టెర్మినళ్లు పక్కపక్కన పెట్టుకుని ఆ వరుసను చూడండి. పది నిమిషాల పని.

నీలి_దారం
చూశాను! పిల్ల చదువుతుంటే తల్లి వైపు సంఖ్య కదులుతోంది. బొమ్మలో బాణాలు ఎందుకలా గీశారో ఇప్పుడు తెలిసింది.

రాత్రి_షిఫ్టు
మంచిదే, కానీ తొలి_అడుగు గారి సర్వర్ ఇంకా పడే ఉంది. 24వ నంబరు, 214 డిస్క్రిప్టర్లు. పొంతన లేదు.

గడియారం_ముల్లు
కెర్నల్ మెమరీని చదివే క్రాష్ అనే పనిముట్టుతో నడుస్తున్న కెర్నల్‌ను తెరిచి, ఫైల్స్ ఆదేశంతో ఆ ప్రాసెస్ పట్టిక నేరుగా చూడండి. ప్రోక్ మీద ఆధారపడనక్కర్లేదు.

పట్టిక_పరిశీలన
@గడియారం_ముల్లు, క్రాష్ నాకూ ప్రాణం. కానీ దానికి నడుస్తున్న కెర్నల్‌కు సరిగ్గా సరిపోయే డీబగ్ సమాచారంతో కూడిన వీఎంలైనక్స్ అనే కెర్నల్ ఫైలు కావాలి. పైగా ఈ ప్రాసెస్ రెండు సెకన్లే బతుకుతోంది. పడిపోయిన యంత్రం వీఎంకోర్ (పడినప్పటి మెమరీ నకలు) చదవాలంటే క్రాష్‌కు సాటి లేదు. ఇక్కడ మాత్రం చీమను కొట్టడానికి రోకలి ఎత్తినట్టు అవుతుంది.

గడియారం_ముల్లు
నడుస్తున్న కెర్నల్ మీద వాడితే, చదివేలోపే పట్టిక మారిపోతుందన్నది కూడా నిజమే. నాకోసారి జాబితా మధ్యలో తెగిపోయి, అసలు లేని తప్పు కోసం సాయంత్రమంతా వెతికాను. ఉపసంహరించుకుంటున్నాను.

పైపు_గొట్టం
ప్రోక్ కూడా అంతే కదా. ఒక ప్రాసెస్ చదువుతుండగా ఇంకొకటి మూసేస్తుంది. అందుకే నేను ఎప్పుడూ రెండుసార్లు, కొన్ని నిమిషాల తేడాతో చదివి పోల్చుకుంటాను. ఒక్కసారి చూసిన సంఖ్య కన్నా అది ఎటు కదులుతోందన్నది ఎక్కువ చెబుతుంది.

దీపస్తంభం
మొదటి పోస్టు మళ్లీ చదివాను. టెయిల్‌లో, సర్వీసు పునఃప్రారంభంలో హెచ్చరిక వస్తోందన్నారు. అందరూ దాన్ని దాటేశారు. ఆ హెచ్చరికలో ఏముందో అక్షరం పొల్లు పోకుండా చెప్పగలరా?

తొలి_అడుగు
ఇప్పుడే మళ్లీ నడిపాను. టెయిల్ అంటున్నది: ఐనోటిఫై వాడలేకపోతున్నాను, పోలింగ్‌కు మారుతున్నాను, ఆ తర్వాత అదే ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’. సర్వీసు మొదలుపెడితే డైరెక్టరీ వాచ్ కేటాయించలేకపోయానని, దాని వెనక మళ్లీ అదే మాట.

దీపస్తంభం
దొరికింది. మీకు నిండింది ఫైలు పట్టిక కాదు, ఐనోటిఫై లెక్క.

ఐనోటిఫై అంటే ఒక ఫైలో డైరెక్టరీయో మారితే ప్రోగ్రాంకు కబురు పంపే కెర్నల్ ఏర్పాటు. ప్రోగ్రాం దాన్ని ఒకసారి తెరిస్తే ఒక ఇన్‌స్టెన్స్, దానిలో కనిపెట్టి చూసే ఒక్కో ఫైలో డైరెక్టరీయో ఒక వాచ్. ఒక్కో యూజర్‌కు ఇన్ని ఇన్‌స్టెన్స్‌లు అని పరిమితి ఉంది. మ్యాక్స్-యూజర్-ఇన్‌స్టెన్సెస్ అని చూడండి, మామూలుగా 128. అది దాటితే ఐనోటిఫై-ఇనిట్ కాల్ తిప్పికొట్టేది అదే 24వ నంబరు. ప్రాసెస్ డిస్క్రిప్టర్లు అయిపోయినప్పుడు వచ్చేదీ అదే నంబరు. సందేశం ఒకటే, వెనక లెక్కలు రెండు. ప్రోగ్రాం కెర్నల్‌ను అడిగే ప్రతి పనినీ (సిస్టమ్ కాల్) చూపే ఎస్‌ట్రేస్ పెట్టి ఆ ప్రాసెస్‌ను మొదలుపెట్టండి. ఆగే ముందు చివరి కాల్ ఏదో కనిపిస్తుంది.

స్మృతి_64
వాచ్‌ల పరిమితి దాటితే ఇంకా ఘోరం. 28వ నంబరు వస్తుంది, ‘డిస్కులో చోటు లేదు’ అని. సగం ఖాళీగా ఉన్న డిస్కును శుభ్రం చేస్తూ కూర్చున్నవాళ్లను చూశాను.

తొలి_అడుగు
ఎస్‌ట్రేస్‌లో చివరి నాలుగు వరుసల్లో ఐనోటిఫై-ఇనిట్1, మైనస్ ఒకటి, ఈఎంఫైల్. మీ మాటే నిజం. పరిమితి 128 అనే ఉంది. కానీ కంటైనర్ లోపల వెతికితే ఐనోటిఫై లింకు ఒక్కటి కూడా లేదు! ఒక్కటీ తెరవని ప్రోగ్రాంకు 128 నిండడమేమిటి?

దీపస్తంభం
లెక్క ప్రాసెస్‌కు కాదు, కంటైనర్‌కు కాదు, యూజర్‌కు. మీ కంటైనర్లన్నీ రూట్‌గా నడుస్తుంటే, కంటైనర్లకు విడి యూజర్ నంబర్లిచ్చే యూజర్ నేమ్‌స్పేస్ వాడకపోతే, అందరూ సున్నా నంబరు యూజర్ ఖాతాలోనే ఖర్చు పెడుతున్నారు. ఉమ్మడి కుటుంబంలో ఒకరు డబ్బా ఖాళీ చేస్తే చివర వచ్చినవారికి మిగలనట్టు. లోపలి నుంచి చూస్తే పక్కింటి ప్రాసెస్‌లు కనిపించవు. ఆతిథ్య యంత్రంలో రూట్‌గా నిలబడి చూడండి.

ప్రోక్ లోని ప్రతి ప్రాసెస్ ఎఫ్‌డి డైరెక్టరీలో లింకులు చదివి, ‘ఆనాన్_ఐనోడ్:ఐనోటిఫై’ అని చూపే వాటిని ఏరి, ప్రాసెస్ నంబరు వారీగా లెక్కపెట్టండి. ఫైండ్ ఆదేశంలో ఎల్‌నేమ్ వాడితే ఒక్క వరుసలో అయిపోతుంది.

గడియారం_ముల్లు
కెర్నల్ తన మెమరీని పంచుకున్న ముక్కలను (స్లాబ్‌లు) చూపే స్లాబ్‌టాప్‌లో ఐనోటిఫై-ఐనోడ్-మార్క్ అన్న పేరు చూసినా వాచ్‌ల మొత్తం తెలుస్తుంది.

స్మృతి_64
ఆ పేరు కనిపిస్తేనే. ఒకే కొలత ఉన్న స్లాబ్‌లను కెర్నల్ కలిపేస్తుంది, అప్పుడు వేరే పేరు కింద దాక్కుంటుంది. కనిపించలేదు కాబట్టి వాచ్‌లు లేవని అనుకోవద్దు.

తొలి_అడుగు
బయటి నుంచి చూశాను. మొత్తం 133 లింకులు. అందులో 71 ఒక్క ప్రాసెస్‌వే! అది లాగ్ పోగుచేసేది కాదు, గత వారం చేర్చిన ఇంకో సర్వీసు. మిగతావి ఒకటీ రెండూ చొప్పున.
ఒక సందేహం. పరిమితి 128 అయితే 133 ఎలా వచ్చాయి?

నీలి_దారం
దీనికి నేను చెప్పవచ్చా? పైన చేసి చూసిన ఫోర్క్ సంగతే అనుకుంటున్నాను. తల్లి, పిల్ల ఇద్దరి గదులూ ఒకే నమోదును చూపిస్తే లింకులు రెండు, ఇన్‌స్టెన్స్ ఒకటి. కెర్నల్ నమోదులను లెక్కపెడుతోంది, మనం గదులను లెక్కపెడుతున్నాం.

పట్టిక_పరిశీలన
@నీలి_దారం, సరిగ్గా చెప్పారు. ఆ ఐదూ అలా రెండుసార్లు పడినవే అయి ఉండాలి. తేల్చుకోవాలంటే కేసీఎంపీ అనే సిస్టమ్ కాల్ ఉంది, రెండు ప్రాసెస్‌ల డిస్క్రిప్టర్లు ఒకే నమోదును చూపిస్తున్నాయో లేదో చెబుతుంది.

తొలి_అడుగు గారూ, ఇప్పుడు ఆ 71 ఉన్న ప్రాసెస్ ఎఫ్‌డి-ఇన్ఫో తెరవండి. ఐనోటిఫై డిస్క్రిప్టర్‌కు అక్కడ ఒక్కో వాచ్‌కు ఒక్కో వరుస ఉంటుంది. అందులో ఐనోడ్ నంబరు పదహారు ఆధార సంఖ్యా పద్ధతిలో (0-9, తర్వాత ఎ నుంచి ఎఫ్) రాసి ఉంటుంది. ఆ 71లో ఆ నంబరు ఎలా ఉందో చెప్పండి.

తొలి_అడుగు
డెబ్బై ఒకటింటిలోనూ ఒక్కొక్క వరుసే. అన్నిటిలోనూ అదే ఐనోడ్: 2ఎఫ్1ఎ. దశాంశంలోకి మారిస్తే 12,058. ఆ నంబరుతో ఫైండ్ చేస్తే వచ్చింది ఆ సర్వీసు సెట్టింగుల డైరెక్టరీ.

ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూశాను, పైపు_గొట్టం గారు చెప్పినట్టు. 72 అయింది, మధ్యలో ఇంకేదో ప్రాసెస్ ఒకటి మూసి చోటు వదిలినట్టుంది. ఆ సర్వీసు సెట్టింగులను ఇరవై నిమిషాలకోసారి మళ్లీ చదువుకుంటుంది. చదివిన ప్రతిసారీ కొత్త ఐనోటిఫై తెరుస్తోంది, పాతది మూయడం లేదు. రోజుకు 72 సార్లు. మిగతావన్నీ కలిపి అరవై దాకా ఉన్నాయి కాబట్టి రీబూట్ చేసిన మర్నాడే నిండిపోతోంది! ఇదంతా ఇన్నాళ్లూ నా కళ్ల ముందే ఉంది.

రాత్రి_షిఫ్టు
ఇరవై నిమిషాలకు ఒకటి. ఆ గంట కొట్టినట్టున్న క్రమం చూస్తే ఒళ్లు జలదరించింది. కానీ ఈ రాత్రికి సర్వర్ నిలబడాలి కదా. ఆ 128ని పెంచమనే చెబుతాను, ఈసారి సరైన పరిమితి పేరుతో.

దీపస్తంభం
@రాత్రి_షిఫ్టు, ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. 512 చేయండి. ఒక్కో ఇన్‌స్టెన్స్‌కు తినే మెమరీ స్వల్పమే. అయితే దానితో ఐదు రోజులే దొరుకుతాయి. ఆలోపు ఆ సర్వీసు రాసినవారు మూయడం చేర్చాలి.

పైపు_గొట్టం
కంటైనర్లను వేర్వేరు యూజర్ నంబర్లతో నడిపితే లెక్క కూడా విడిపోతుంది. అప్పుడు ఎవరు లీక్ చేస్తే వారే పడిపోతారు. ఇలా ఒకరి పాపం ఇంకొకరి నెత్తిన పడదు. రూట్‌గా నడపకూడదనడానికి నాకు తెలిసిన మంచి కారణాల్లో ఇదొకటి.

పాత_యూనిక్స్
24వ నంబరును ఐనోటిఫైకి కూడా వాడడం నాకు మింగుడుపడదు. మాన్యువల్‌లో రెండు కారణాలూ రాశారు, నిజమే. కానీ రాత్రి రెండు గంటలకు తెర మీద కనిపించేది మాన్యువల్ కాదు, ఆ ఒక్క వరుస.

స్మృతి_64
కొత్త నంబరు పెడితే పాత ప్రోగ్రాంలు దాన్ని గుర్తుపట్టవు. ఉన్నవాటిలో దగ్గరిది ఎంచుకోక తప్పదు.

పాత_యూనిక్స్
కెర్నల్ లాగ్‌లో ఒక వరుస రాయడానికి ఏ ప్రోగ్రాం అడ్డొస్తుంది? కనెక్షన్ల పట్టిక నిండితే కాన్‌ట్రాక్ పేరుతో సహా రాస్తుంది. పొరుగు యంత్రాల పట్టిక పొంగితే అదీ రాస్తుంది. ఇది మాత్రం నోరు మెదపదు.

స్మృతి_64
అది న్యాయమైన మాట.

తొలి_అడుగు
512 చేశాను, లాగ్‌లు ప్రవహిస్తున్నాయి, టెయిల్ హెచ్చరిక పోయింది. సర్వీసు రాసిన బృందానికి ఆ 72 వరుసలూ, 2ఎఫ్1ఎ ఐనోడ్ సహా పంపాను. సెట్టింగులు మళ్లీ చదివే ఫంక్షన్‌లో తప్పు ఎదురై మధ్యలోనే బయటికి వెళ్లే చోట క్లోజ్ లేదని గంటలోనే చెప్పారు. కొత్త వెర్షన్ రేపు వస్తుంది.

నీలి_దారం
వచ్చాక ఇరవై నిమిషాల తేడాతో రెండుసార్లు లెక్కపెట్టి ఇక్కడ రాయండి.

తొలి_అడుగు
కొత్త వెర్షన్ వేసి నాలుగు గంటలైంది. మొదట 1. ఇరవై నిమిషాలకు 1. ఇప్పుడు కూడా 1.